ఎర్ర నక్షత్రపు తెరచాపలు: మయామిలో అయిదు రోజులు

హైదరాబాదుకు తిరిగి వచ్చి పది రోజులు దాటింది. ముంజేతుల మీద ఎండకు కమిలిన తోలు ఇంకా పొరలు పొరలుగా లేస్తోంది. అది పూర్తిగా మానేలోపే రాసేయాలని కూర్చున్నాను. ఆలస్యం చేస్తే నీళ్ళ రంగు గుర్తుంటుంది గానీ మనుషుల మాటలు గుర్తుండవు.

తమ్ముడు పదిహేనేళ్ళుగా మయామి శివారు కెండల్‌లో ఉంటున్నాడు. రమ్మని ఏటా పిలుస్తాడు. ఈసారి మార్చి మొదటి వారమే వస్తానని నేనే పట్టుబట్టాను. కారణం బకార్డీ కప్, స్టార్ తరగతి పడవల పందెం. స్టార్ అంటే ఇద్దరే నడిపే తెరచాప పడవ. అడుగున కీల్ అనే బరువైన ఇనుప రెక్క ఉంటుంది, పెద్ద తెరచాప మీద ఎర్ర నక్షత్రం ఉంటుంది.

మా నాన్నగారు సైన్యంలో ఉండగా సికింద్రాబాద్‌లో పనిచేసిన కాలంలో హుస్సేన్‌సాగర్‌లో ఎంటర్‌ప్రైజ్ పడవ ఎక్కేవారు. నడిపింది ఆయన పై అధికారి. నాన్నగారు క్రూ. ముందు కూర్చుని చిన్న తెరచాప తాడు పట్టుకోవడం, పడవ ఒరిగితే ఒళ్ళు బయటికి వాల్చి బరువు సర్దడం ఆయన పని. ఆ నీలం తెరచాపలను ట్యాంక్‌బండ్ మీద నుంచి అమ్మ వేలు పట్టుకుని చూసేదాన్ని. ఫలితాల కాగితంలో ఆయన పేరు ఎప్పుడూ రెండోదే. కొన్నిసార్లు రెండో పేరు రాసేవారే కాదు. ఆయన పోయాక అల్మారాలో, ఏదో పాత పత్రికలోంచి కత్తిరించిన స్టార్ పడవ ఫొటో ఒకటి దొరికింది. దాని అంచున ఆయన దస్తూరీలో రెండు మాటలు: "క్రూని చూడు." నేను చూడడానికి వెళ్ళింది ఆ క్రూనే.

మొదటి రోజు: కోకోనట్ గ్రోవ్, పడవల ఆవరణ

తమ్ముడికి ఆఫీసు ఉంది కాబట్టి ఒంటరిగానే బయలుదేరాను. డేడ్‌లాండ్ నుంచి మెట్రోరైలు టికెట్ రెండుంపావు డాలర్లు. కోకోనట్ గ్రోవ్ స్టేషన్‌లో దిగి సముద్రం ఎటు ఉంటుందో నాకు నేనే ఊహించుకుని నడిచాను. ఇరవై నిమిషాలు నడిచినా పెద్ద రోడ్డు, కార్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ఒక పక్క వీధిలోకి తిరిగితే ఒక్కసారిగా మామిడి పూత వాసన. ఇళ్ళ ముందు మామిడి చెట్లు మన దగ్గర లాగే నిండుగా పూసి ఉన్నాయి. ఒక తోటమాలి నిచ్చెన మీద నిలబడి కొమ్మలు కత్తిరిస్తున్నాడు. అతనికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. రెండు అరచేతులూ కలిపి తెరచాపలా నిలబెట్టి, నోటితో గాలి ఊది చూపించాను. నిచ్చెన దిగాడు, కత్తెర చెట్టుకు తగిలించాడు, నాతో పాటు రెండు కూడళ్ళు నడిచి వచ్చి, వచ్చిన దారికి సరిగ్గా ఎదురు దిక్కు చూపించాడు. కృతజ్ఞతలు చెబితే గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కోరల్ రీఫ్ యాట్ క్లబ్ గేటు దగ్గర తమ్ముడి పొరుగింటి పెద్దాయన నా కోసం కాచుకుని ఉన్నారు. క్యూబాలో పుట్టి, పదేళ్ళ వయసులో 1961లో తల్లిదండ్రులతో మయామి వచ్చేసిన మనిషి. యవ్వనంలో స్టార్ పడవల మీద క్రూగా పనిచేశారు. ఈ అయిదు రోజులూ నాకు తోడున్నది ఆయనే. ఆయన పేరు రాయవద్దన్నారు కాబట్టి పెద్దాయన అనే రాస్తాను.

స్టార్ పడవలను పందెం అయిపోగానే నీళ్ళలో వదిలేయరు. క్రేన్‌తో పైకెత్తి బండి మీద నిలబెడతారు, పొద్దున మళ్ళీ దించుతారు. నేను లోపలికి వెళ్ళేసరికి ఒక పడవ గాలిలో వేలాడుతోంది. నీళ్ళలో ఉన్నప్పుడు కనిపించని భాగమంతా అలా ఎదురుగా ఉంటే అడుగు ముందుకు పడలేదు. పడవ సన్నగా, పొడుగ్గా 6.9 మీటర్లు ఉంటుంది. పక్క గోడా అడుగూ గుండ్రంగా కలవవు, మడత పెట్టిన కాగితంలా ఒక అంచు దగ్గర కలుస్తాయి. నడుము కింద నుంచి ఒక ఇనుప రెక్క దిగి ఉంటుంది. దాని చివర సొరకాయను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఒక దిమ్మ. మొత్తం పడవ బరువు 671 కిలోలయితే అందులో దాదాపు 400 కిలోలు ఆ కీల్‌దే. ఒక పొడుగాటి కుర్రవాడు తడి ఉప్పుకాగితంతో ఆ దిమ్మను రుద్దుతూ, మధ్య మధ్య కళ్ళు మూసుకుని అరచేత్తో తడుముతున్నాడు. ఎక్కడో ఒక చోట ఆగి, మళ్ళీ అక్కడే రుద్దాడు. దగ్గరికి వెళ్ళి నేనూ తాకవచ్చా అని అడిగాను. చేతులు తుడుచుకోవడానికి తన గుడ్డ ఇచ్చాడు. కోడిగుడ్డు పెంకు మీద వేలు పెట్టినట్టుంది.

"ఇతను చుక్కాని పట్టే స్కిప్పరా, క్రూనా?" అని పెద్దాయనను అడిగాను.

"భుజాలు చూడండి, సెన్యోరా" అన్నారు.

స్టార్‌లో క్రూ బరువుకు ఒక లెక్క ఉంది. నూరులోంచి స్కిప్పర్ బరువు తీసేసి, మిగిలినదాన్ని ఒకటిన్నరతో భాగించి, దానికి నూరు కలపాలి. వచ్చినన్ని కిలోల వరకు క్రూ ఉండవచ్చు. స్కిప్పర్ 85 కిలోలుంటే క్రూ 110 కిలోల దాకా ఉండవచ్చన్నమాట. తెరచాపలు రెండూ కలిపి 285 చదరపు అడుగులు. ఇంత చిన్న పడవకు అది చాలా పెద్ద గుడ్డ. గాలికి ఆ గుడ్డ పడవను పక్కకు తొయ్యకుండా ఆపేది ఒకటి ఇనుప దిమ్మ, రెండోది ఈ మనిషి. ఆవరణలో ఎటు చూసినా కుస్తీ గోదాలో దిగినట్టుండే మనుషులే. వాళ్ళంతా వంగి స్క్రూలు బిగిస్తూ, తాళ్ళు ముడివేస్తూ, పెరుగు డబ్బాలు తింటూ కనిపించారు. స్కిప్పర్లు ఎక్కువగా నిలబడి ఆకాశం కేసి చూస్తున్నారు.

రెండో రోజు: బిస్కేన్ అఖాతం

పందెం ఒడ్డు నుంచి కనిపించదు. తెరచాపలు దూరంగా బియ్యపు గింజల్లా ఉంటాయంతే. పెద్దాయనకు ఒక చిన్న మోటారు పడవ ఉంది. పెట్రోలుకు నా వంతు ఇవ్వబోతే చేతిని మెల్లగా పక్కకు తోసి, "రేపు కాఫీ మీరు కొనండి" అన్నారు. మరదలు పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఆయన తన కోసం రొట్టె, జున్ను, పండు అరటి వేపుడు తెచ్చుకున్నారు. లంగరు వేశాక ఇద్దరం డబ్బాలు మార్చుకున్నాం. పులిహోరలో పల్లీలను ఒక్కొక్కటే ఏరి చివరికి దాచుకుని తిన్నారాయన. మా నాన్నగారూ అలాగే తినేవారు.

బిస్కేన్ అఖాతం లోతు తక్కువ. అందుకే ఆ రంగు: ఒడ్డు దగ్గర లేత పచ్చ, మధ్యలో నీలం, గడ్డి ఉన్న చోట గోధుమ మచ్చలు. తూర్పు గాలి పొద్దున్నించీ నిలకడగా వీస్తోంది. దూరాన నీళ్ళ మధ్య కొయ్య కాళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళు కొన్ని కనిపించాయి. స్టిల్ట్స్‌విల్ అంటారు.

బకార్డీ కప్ పాత పద్ధతి రోజుకు ఒకే ఒక్క పొడుగు పందెం. బయలుదేరే గీత అంటే ఒక చివర నిర్వాహకుల పడవ, మరో చివర నీళ్ళ మీద తేలే గుర్తు, బోయ. కంటికి కనిపించని ఆ గీత మీదికి పడవలన్నీ చివరి నిమిషంలో ఒకేసారి కమ్ముకొచ్చాయి. యాభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. తెరచాపల పటపటలు, నాలుగైదు భాషల్లో అరుపులు. హారన్ మోగగానే అరుపులు ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను ఊహించలేదు. నీళ్ళు చీలే చప్పుడొక్కటే.

అప్పుడు చూశాను క్రూని.

గాలికి ఎదురుగా పడవ ఏటవాలుగా వెళ్తుంటే స్కిప్పర్ అంచు మీద కూర్చుని వెనక్కి వాలాడు. క్రూ మాత్రం పూర్తిగా బయటికి దిగిపోయాడు. పిక్కలు పడవ అంచుకు తగిలించాడు. నడుముకు కట్టిన పట్టీని తాడు పట్టి ఉంచింది. మిగతా ఒళ్ళంతా పడవ గోడ వెంబడి వేలాడుతోంది. వీపుకూ నీళ్ళకూ మధ్య జానెడు. ప్రతి అలకూ ఆ జానెడు కూడా పోయి, నడుము దాకా మునిగి, మళ్ళీ పైకి తేలుతున్నాడు. అతనికి ముందు ఏముందో కనిపించదు. ఆకాశం, తెరచాప అడుగు భాగం, స్కిప్పర్ ముఖం, అంతే. ఎటు తిరగాలో, ఎవరు దగ్గరికి వస్తున్నారో నిర్ణయించేది మరొకరు. ఆ మాట వినగానే ఒళ్ళు లోపలికి లాగి, పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డ వాసం కింద నుంచి దూరి, చిన్న తెరచాప తాడు వదిలి, రెండో వైపు తాడు లాగి, అటువైపు మళ్ళీ వేలాడాలి. వేళ్ళతో లెక్కపెట్టాను. నాలుగు లెక్కించేలోపు అయిపోయింది.

"ఎన్నిసార్లు ఇలా?" అన్నాను.

"గాలి ఎన్నిసార్లు మారితే అన్నిసార్లు" అన్నారు పెద్దాయన. ఆయన చేతులు మోటారు పిడి మీద ఉన్నాయి గానీ వేళ్ళు మాత్రం, అక్కడ లేని తాడును లాగుతున్నాయి.

స్టార్‌లో తెరచాపలు కట్టే నిలువు కొయ్య చాలా సన్నం. దాన్ని వెనక నుంచి రెండు తీగలు పట్టి ఉంచుతాయి, వాటిని రన్నర్లంటారు. గాలి వైపున్నది బిగుతుగా, రెండోది వదులుగా ఉండాలి. తిరిగిన ప్రతిసారీ ఒకటి వదిలి మరొకటి బిగించాలి. ఇద్దరిలో ఎవరు క్షణం ఆలస్యం చేసినా గాలి బలంగా ఉన్న రోజున కొయ్య పుల్లలా విరుగుతుంది. పై బోయ చుట్టి గాలివాటుకు తిరిగాక కొయ్య మొత్తాన్ని ముందుకు వాల్చేస్తారు. పడవ వంగి నమస్కారం పెడుతున్నట్టుంటుంది. ముందు తెరచాపను ఒక కర్రతో పక్కకు నెట్టి విప్పుతారు. బుడగలాంటి మూడో తెరచాప ఈ తరగతిలో లేదు. కర్ర తగిలించేది, తీసేది మళ్ళీ క్రూ.

ఒక పడవ మా పక్క నుంచే వెళ్ళింది. క్రూ ముఖం మీద ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది. మా వైపు చూడలేదు. చూసే తీరికా లేదు.

మూడో రోజు: లిటిల్ హవానా

కాఫీ నేను కొనాలని మాట కాబట్టి పొద్దున్నే ఎనిమిదో వీధి, కాయె ఓచో. అక్కడ కాఫీ దుకాణాలకు వీధివైపు కిటికీ ఉంటుంది. అందరూ పేవ్‌మెంట్ మీదే నిలబడి తాగుతారు. కోలాదా అని అడిగితే ఒక గ్లాసు నిండా చిక్కటి తీపి కాఫీ, దాంతో పాటు బొటనవేలంత చిన్న కప్పులు నాలుగైదు ఇస్తారు. మూడు డాలర్లకు కొంచెం తక్కువ. కొన్నవాళ్ళు ఒక్కరే తాగడం మర్యాద కాదు, పక్కన ఉన్నవాళ్ళకూ పొయ్యాలి. ఒక చాయ్ తెప్పించుకుని ఇద్దరు పంచుకునే ఊరి నుంచి వెళ్ళినదాన్ని, నాకు ఆ పద్ధతి వెంటనే నచ్చింది. మొదటి చుక్కలను చక్కెరతో గిలక్కొట్టి నురగ చేస్తారు. ముగ్గురు కొత్తవాళ్ళకు పోశాను. ఒకాయన తన కప్పు ఎత్తి, "ఏ ఊరు?" అని అడిగారు. హైదరాబాద్ అంటే, "అక్కడ సముద్రం ఉందా?" అన్నారు. చెరువు ఉందని, దాని మీద తెరచాప పడవల పందేలు జరుగుతాయని చెప్పాను.

భోజనంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నల్ల చిక్కుడు గింజల కూర, అన్నం చూసి శాకాహారమే అనుకుంటాం. చాలా చోట్ల అందులో పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. మాంసం లేదంటారు కూడా, ఎందుకంటే అక్కడ మాంసమంటే గొడ్డు మాంసమని అర్థం. పేరు పెట్టి అడగాలి. నాకు కర్రపెండలం ఉడికించి వెల్లుల్లి, పుల్ల నారింజ రసం పోసినది, అరటికాయ ముక్కలు వేయించి అదిమి మళ్ళీ వేయించినవి దొరికాయి. పళ్ళెం పన్నెండు డాలర్లు. మామే అనే ఎర్రటి పండు గుజ్జుతో చేసిన పాలు తాగాను. సపోటాకు చుట్టమది. రుచిలో చిలగడదుంప, సపోటా, బాదం మూడూ తెలుస్తాయి.

మాక్సిమో గోమెజ్ పార్కులో ముసలివాళ్ళు డామినోలు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నప్పుడు పెద్దాయన అసలు కథ చెప్పారు. బకార్డీ కప్ పుట్టింది మయామిలో కాదు, హవానాలో, 1927లో. క్యూబాలో విప్లవం వచ్చాక ఆగిపోయి, 1962లో ఇక్కడ మళ్ళీ మొదలయింది. మనుషులతో పాటు పందెం కూడా సముద్రం దాటి వచ్చింది. అంతకన్నా ఆయన గొంతు మారింది 1948 ఒలింపిక్స్ గురించి చెప్పేటప్పుడు. లండన్ ఒలింపిక్స్ అవి. పడవ పందేలు టార్బేలో జరిగాయి. స్టార్ తరగతిలో స్వర్ణం అమెరికా జంట హిలరీ స్మార్ట్, పాల్ స్మార్ట్‌లది. చుక్కాని పట్టింది కొడుకు హిలరీ, క్రూ తండ్రి పాల్. రజతం క్యూబాకు. అక్కడా తండ్రీకొడుకులే, ఇద్దరి పేరూ కార్లోస్ దె కార్దెనాస్. కానీ అక్కడ చుక్కాని తండ్రిది, క్రూ కొడుకు.

"ఏది బాగుంది, తండ్రి క్రూగా ఉండడమా, కొడుకు ఉండడమా?" అని అడిగారు నన్ను.

జవాబు చెప్పలేకపోయాను. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. యాభైల్లో ఉన్న తండ్రి, కొడుకు తిరుగు అన్న వైపు తిరుగుతూ, కొడుకు వాలు అన్నప్పుడు వాలుతూ బంగారు పతకం దాకా వెళ్ళాడు. నాన్నగారు ఈ సంగతి విని ఉంటే ఆ జంట పేర్లు గోడ మీద రాసుకునేవారు.

ఈ తరగతి వయసెంతో చెప్పాలి కదా. 1910లో న్యూయార్క్‌లో విలియం గార్డ్‌నర్ కార్యాలయంలో ఫ్రాన్సిస్ స్వీస్‌గుత్ అనే ఆయన ఈ పడవ గీశాడు. అంతకుముందు బగ్ అని ఇంకా చిన్న పడవ ఉండేది. అందులో కూర్చుంటే ఒళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటుందని, కాస్త పెద్దది కావాలని జార్జ్ కోరీ బృందం కోరింది. 1911లో లాంగ్ ఐలాండ్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో ఐజాక్ స్మిత్ మొదటి 22 పడవలు కట్టాడు. ఒక్కోటి సుమారు 240 డాలర్లు. 1922లో తరగతికి సొంత సంఘం ఏర్పడింది. కొయ్య ఎత్తు, తెరచాప ఆకారం 1921లో ఒకసారి, దశాబ్దం తిరిగేసరికి ఇంకోసారి మారాయి. చెక్క పోయి ఫైబర్‌గ్లాస్ వచ్చింది, కొయ్య అల్యూమినియం అయింది. పడవ ఒంటి గీత మాత్రం 1911 నాటిదే. మొదటి రోజు నేను క్రేన్ కింద చూసిన ఆ మడత అంచు, మా తాతగారు పలక పట్టిన నాటిది.

నాలుగో రోజు: చార్ల్స్ వీధి, బార్నకల్ ఇల్లు

ఈ రోజు పందేనికి వెళ్ళలేదు. పెద్దాయనకు డాక్టరు దగ్గర పని. తమ్ముడు సెలవు పెట్టాడు. ఇద్దరం చిన్నప్పటి తరువాత అంత తీరికగా నడిచింది ఇదే.

కోకోనట్ గ్రోవ్‌లో సముద్రం ఒడ్డున చెట్ల మధ్య బార్నకల్ అనే పాత ఇల్లుంది. ప్రవేశానికి రెండు డాలర్లు. పడవలు గీసి కట్టించిన రాల్ఫ్ మన్రో 1891లో కట్టుకున్నాడు. చుట్టూ లోతైన వరండా, పైకప్పు మధ్యలో వేడి గాలి పోవడానికి గూడు. మన మండువా ఇల్లు గుర్తొచ్చింది. తమ్ముడు వరండా చెక్కల మీద పది నిమిషాలు పడుకున్నాడు. కావలి ఆయన ఏమీ అనలేదు, ఫ్యాను కన్నా ఇది నయమని నవ్వాడు.

అక్కడి నుంచి చార్ల్స్ వీధికి. ఈ ఊరిని తొలిరోజుల్లో కట్టినవాళ్ళలో బహామా దీవుల నుంచి వచ్చిన నల్లజాతి శ్రామికులు ముఖ్యులు. వాళ్ళ చిన్న చెక్క ఇళ్ళు కొన్ని ఇంకా మిగిలాయి. మరియా బ్రౌన్ అనే ఆమె ఇల్లు అలాంటిదే. చివర శ్మశానంలో సమాధులు నేల మీదే, తెల్లటి పెట్టెల్లా వరుసగా ఉంటాయి. చుట్టుపక్కల కొత్త భవనాలు ఆ వీధి గొంతు దాకా వచ్చేశాయి. చూస్తుంటే బాధ కలిగింది. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని పలకరించారు. అక్కడ ఎదురుపడ్డవాళ్ళకు నమస్కారం చెప్పకుండా వెళ్ళడం తప్పు. మేమే ముందు చెప్పి ఉండాల్సింది. స్టార్ పందెం కోసం వచ్చామనగానే, "సర్ డర్వర్డ్ మా దీవులవాడే" అన్నారావిడ.

నిజమే. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో డర్వర్డ్ నోల్స్, సెసిల్ కుక్ స్టార్ తరగతిలో గెలిచిన స్వర్ణం బహామాస్ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. అంతకుముందు 1956లో నోల్స్, స్లోన్ ఫారింగ్టన్ కలిసి తెచ్చిన కాంస్యం ఆ దేశానికి తొలి పతకం. "సెసిల్ కుక్ గుర్తున్నారా?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "కుక్ లేకుండా సర్ డర్వర్డ్ ఎలా గెలుస్తాడు, రెండు వైపులా ఒకడే కూర్చోలేడు కదా" అన్నారు. ఆ మాట తమ్ముడితో రెండుసార్లు తెలుగులోకి మార్పించుకుని విన్నాను.

తమ్ముడు శంఖంలోని మాంసంతో చేసే బజ్జీలు తిన్నాడు. ఆరు బజ్జీలు పద్నాలుగు డాలర్లు. నేను కందులు కలిపిన అన్నం, కొబ్బరి రొట్టె తిన్నాను.

అయిదో రోజు: మళ్ళీ అఖాతం, సాయంత్రం క్లబ్ ఆవరణ

గాలి బలపడింది. అలల తలలు తెల్లబడ్డాయి. పెద్దాయన పడవ వేగం తగ్గించి, గాలికి ఎదురుగా నిలిపి ఉంచారు. ఒక పడవ గాలివాటులో వాసం అటు నుంచి ఇటు మార్చబోయింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. కొయ్య సగానికి విరిగి తెరచాప నీళ్ళలో పడింది. నేను పైకి లేచి నిలబడిపోయాను. క్రూ అప్పటికే పొట్ట మీద పడుకుని నీళ్ళలోంచి తెరచాపను రెండు చేతులా లాగుతున్నాడు. స్కిప్పర్ వచ్చి అతని వీపు మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. సహాయక పడవ వచ్చేదాకా అలాగే కలిసి లాగారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒలింపిక్స్ సంగతి అడిగాను. 1932 నుంచి 2012 వరకు, 1976లో ఒక్కసారి తప్ప, స్టార్ ఒలింపిక్స్‌లో ఉంది. 1976లో దాన్ని తీసేసి, టెంపెస్ట్ అనే మరో ఇద్దరి పడవను ఉంచారు. ఆ ఏడాది బ్రిటన్ జంట అలన్ వారెన్, డేవిడ్ హంట్ పందేలు అయ్యాక తమ పాత టెంపెస్ట్‌కు నిప్పుపెట్టి నీళ్ళ మీదే దహనం చేసేశారు. 1980లో స్టార్ మళ్ళీ వచ్చింది. మన హుస్సేన్‌సాగర్‌లో కుర్రవాళ్ళు నేర్చుకునే లేజర్ పడవలో రెండు స్వర్ణాలు గెలిచిన బ్రెజిల్ వీరుడు రాబర్ట్ షైట్ కూడా ఆ తరువాత స్టార్‌కే వచ్చి, బ్రూనో ప్రాదాతో కలిసి 2008లో రజతం, 2012లో కాంస్యం గెలిచాడు.

2012 చివరి పందెం వేమత్‌లో జరిగింది. బ్రిటన్ జంట ఇయన్ పెర్సీ, ఆండ్రూ సింప్సన్ ఆధిక్యంలో ఉండి, ఆ ఒక్క పందెంలో ఎనిమిదో స్థానంలోకి జారారు. పందెం గెలిచిన స్వీడన్ జంట ఫ్రెడ్రిక్ లూఫ్, మాక్స్ సాల్మినెన్‌లకు స్వర్ణం దక్కింది. తరువాతి మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఒక పెద్ద రేసు పడవ తిరగబడి ఆండ్రూ సింప్సన్ చనిపోయాడు. ముప్పై ఆరేళ్ళు. పెర్సీకి చిన్ననాటి స్నేహితుడు. ఆ రోజు పెర్సీ కూడా ఆ పడవ మీదే ఉన్నాడు. ఇది చెబుతూ పెద్దాయన మోటారు ఆపేశారు. కాసేపు అలలకు ఊగాం.

ఆ తరువాతి ఒలింపిక్స్‌లో స్టార్ లేదు. అది తప్పని నా గట్టి అభిప్రాయం. వందేళ్ళు దాటిన పడవ, భారీ శరీరాలవాళ్ళకు, వయసు మీద పడ్డవాళ్ళకు చోటిచ్చే పడవ. వేగం ఒక్కటే కొలత అయితే ఇవన్నీ లెక్కలోకి రావు. కానీ ఒలింపిక్స్ పోయినా ఈ అఖాతంలో ఇన్ని తెరచాపలు కనిపిస్తున్నాయి. ప్రపంచ విజేతలు తెరచాప మీద ఎర్ర నక్షత్రం బదులు బంగారు నక్షత్రం పెట్టుకుంటారు, జీవితాంతం. అలాంటివి ఆ రోజు నా కంటికి మూడు కనిపించాయి.

సాయంత్రం ఆవరణలో ఫలితాల కాగితం అంటించారు. జనం మూగారు. నేనూ దగ్గరికి వెళ్ళి చదివాను. ప్రతి వరుసలో రెండు పేర్లు, ఒకే పరిమాణం అక్షరాల్లో, పక్క పక్కన. అన్నీ చదివాను, చివరి వరుస దాకా. మొదటి రోజు కీల్ రుద్దిన కుర్రవాడి పేరు తెలియదు కాబట్టి ఏ వరుసో పోల్చుకోలేకపోయాను. అతనే నన్ను చూసి చెయ్యి ఊపాడు. అరచేతులు రెండూ బొబ్బలు.

అప్పుడే పెద్దాయనకు నాన్నగారి సంగతి చెప్పాను. అయిదు రోజులుగా చెప్పలేదు, ఎందుకో. పాత ఫొటో తీసి ఇచ్చాను. "క్రూని చూడు" అన్న అక్షరాల మీద వేలు పెట్టి అర్థం అడిగారు. చెప్పాను. ఏమని ఓదారుస్తారో అనుకుంటుంటే ఆయన అడిగింది ఒకటే:

"ఎన్ని కిలోలుండేవారు?"

నాకు తెలియదు. నాన్నగారి గురించి ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఫోను తీసి అమ్మకు చేశాను. హైదరాబాదులో అప్పుడు తెల్లవారుజాము అయిదున్నర. అమ్మ లేచే ఉంది.

"యాభై ఎనిమిది" అంది, ఆలోచించకుండా. "చాలదనేవారు. గాలి ఎక్కువున్న రోజు మూడు స్వెటర్లు నీళ్ళలో తడిపి, ఒకదాని మీద ఒకటి వేసుకుని ఎక్కేవారు. జులై నెలలో దండెం మీద స్వెటర్లు ఏమిటని ఇంటివాళ్ళావిడ అడిగేది. పిండలేక నా చేతులు పడిపోయేవి."

పెద్దాయనకు చెప్పాను. ఆయన తల పైకీ కిందికీ ఊపి, "ఉన్నివేనా?" అని అడిగారు.

అమ్మ ఇంకా లైనులోనే ఉంది. అడిగాను.

"ఉన్నివే. నేనే అల్లాను" అంది.